చెదరిన గూడు: ‘చారులత’ చిత్రసమీక్ష

దుఃఖభాజనమైన దాంపత్యమును చిత్రించునపుడు మన నాటకకర్తలును, వారి వెంట నడచిన చలనచిత్ర నిర్మాతలును సామాన్యముగా ఒక దోషిని వెదకి తెచ్చి మన యెదుట నిలబెట్టుదురు. ‘కన్యాశుల్కము’లో పసిపిల్లలకు వెలకట్టు దురాచారము దోషి. ‘వరవిక్రయము’లో కట్నము దోషి. ‘చింతామణి’లో వేశ్యావ్యామోహము దోషి. గయ్యాళి అత్తయో, త్రాగుబోతు మగడో, మాయమాటల బంధువో లేనిదే మన తెరమీద కాపురము చెడుట అరుదు. ఇట్టి కథలవలన లోకమునకు మేలు కలుగలేదని అనరాదు. దురాచారమును వేలెత్తి చూపవలెనన్న దోషి కావలసినదే. కాని దోషి కంటబడిన క్షణముననే ప్రేక్షకుని మనస్సు తేలికపడును. “మా యింట అట్టివాడు లేడు గదా!” అని అతడు నిశ్చింతగా ఇల్లు చేరును.

సత్యజిత్ రాయ్ దర్శకత్వమున 1964లో వెలువడిన వంగభాషాచిత్రము ‘చారులత’ మనకు ఈ నిశ్చింతను ప్రసాదింపదు. అందలి భర్త త్రాగడు, కొట్టడు, పరస్త్రీని కన్నెత్తి చూడడు. ఇంట అత్తపోరు లేదు. సిరికి కొదువ లేదు. భార్య చదువరి, సుగుణవతి, భర్తయందు గౌరవము గలది. అయినను ఆ కాపురము మన కన్నులయెదుటనే కూలిపోవును. దోషి లేని చోట ఇంత దుఃఖము ఎక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్నకు చిత్రము చెప్పు సమాధానమే దానిని సామాన్య కుటుంబగాథలనుండి వేరుచేయుచున్నది. ఆ సమాధానమును విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

రవీంద్రనాథ ఠాకూరు 1901లో ‘భారతి’ యను వంగపత్రికలో ప్రకటించిన ‘నష్టనీడ’ మను పెద్దకథ ఈ చిత్రమునకు ఆధారము. నష్టనీడమనగా చెదరిన గూడు. రాయ్ ఈ కథను 1879, 80 నాటి కలకత్తాలో నిలిపినాడు. చారులతగా మాధవీ ముఖర్జీ, ఆమె భర్త భూపతిగా శైలేన్ ముఖర్జీ, మరది అమలుడుగా సౌమిత్ర చటర్జీ నటించిరి. ఛాయాగ్రహణము సుబ్రత మిత్రది. సన్నివేశ నిర్మాణము బన్సీ చంద్రగుప్తది. సంగీతము రాయ్ స్వయముగా కూర్చినది. 1964 సంవత్సరపు ఉత్తమ చిత్రముగా దీనికి రాష్ట్రపతి స్వర్ణపతకము లభించినది. 1965లో బెర్లిను చిత్రోత్సవమున ఉత్తమ దర్శకునకిచ్చు వెండి ఎలుగుబంటి బహుమానము రాయ్‌కు దక్కినది. తన చిత్రములన్నింటిలో లోపములు తక్కువగా నున్నది ఇదియే యని ఆయన పలుమారులు చెప్పుకొనెను.

కథ క్లుప్తముగా ఇది. భూపతి ధనవంతుడు, విద్యావంతుడు, దేశహితైషి. ‘సెంటినెల్’ అను ఆంగ్ల వార్తాపత్రికను తన ఇంటిలోనే అచ్చొత్తించి నడుపుచుండును. అతని దినమంతయు ఆ పత్రికకే అంకితము. భార్యకు ప్రొద్దుపోవుట లేదని ఎట్టకేలకు గ్రహించి, ఆమె అన్న ఉమాపదుని పత్రిక లెక్కలు చూచుటకును, అతని భార్య మందాకినిని చారులతకు తోడుగా నుండుటకును పిలిపించును. చదువు ముగించుకొని వచ్చిన అమలుడు, భూపతికి తమ్ముని వరుస, ఆ ఇంట దిగును. అతడు కవితాప్రియుడు, అల్లరివాడు, కూనిరాగములవాడు. భార్యకు సాహిత్యాభిరుచి కలదని యెరిగిన భూపతి, ఆమెకు తెలియనీయక ఆమెచేత ఏదైన వ్రాయింపుమని అమలుని కోరును. వదినా మరదుల చనువు సాహిత్యచర్చలుగా పెరిగి, చారులత మనస్సున పేరు పెట్టరాని అనురాగముగా మారును. ఇంతలో ఉమాపదుడు పత్రిక ధనమును కాజేసి భార్యతో పరారియగును. ఇక ఎవరిని నమ్ముదునని అన్న వాపోవగా విని, తన వలనను ద్రోహము జరుగనున్నదని గుర్తించిన అమలుడు రాత్రికి రాత్రి ఇల్లు విడిచిపోవును. తరువాత అతని యొద్దనుండి వచ్చిన జాబు చూచి చారులత ఒంటరిగా వెక్కివెక్కి యేడ్చుట భూపతి కంటబడును. అంతవరకు అతనికి ఏమియు తెలియదు.

చిత్రారంభమున కొన్ని నిమిషముల పాటు మాటలు దాదాపు లేవు. మొదట మనకు కనబడునవి రెండు చేతులు, ఒక చేతిరుమాలు, సూది. చారులత భర్త పేరిటి తొలి అక్షరమును దారముతో కుట్టుచున్నది. ఆ అక్షరము ఆంగ్లలిపిలోని ‘బి’. పిదప ఆమె భర్తకు తేనీరు పంపుమని సేవకునకు చెప్పును. గదినుండి గదికి తిరుగును. అలమారునుండి బంకించంద్రుని నవల తీసి కొన్ని పుటలు తిరుగవేయును. చేతి దుర్భిణి చేతబట్టి కిటికీ కిటికీకి పరుగిడి, తెరచాటు సందులనుండి వీధిలో పోవువారిని చూచును. అంతలో భూపతి చేతిలో పుస్తకముతో, దానిలోనే మునిగి, ఆమె ప్రక్కగా నడచిపోవును. ఆమె అక్కడ నున్నదని అతడు గమనింపడు. చారులత మెల్లగా దుర్భిణి నెత్తి, పోవుచున్న భర్తను దానితో చూచును. చేరువనున్నవానిని చూచుటకు దూరదర్శక యంత్రము కావలసి వచ్చినది! పిదప ఆమె చేయి క్రిందికి వాలును. ఆ చేయి వాలుటతో దాంపత్యచరిత్ర యంతయు మనకు తెలిసిపోవును. కన్నీరు లేదు, నిట్టూర్పు లేదు, నేపథ్యమున విలపించు వాద్యము లేదు. మన చిత్రములలో ఇట్టి ఘట్టమునకు ఒక పాటయు, నాలుగు పుటల సంభాషణమును ఖర్చగును.

భూపతి చెడ్డవాడా యన్నచో, కాడు. రాయ్ అతనిని ఎక్కడను పరిహసింపలేదు. ఆ రుమాలు అందుకొని, దీనిని కుట్టుటకు నీకు తీరిక ఎప్పుడు దొరకినదని అతడు అమాయకముగా ఆశ్చర్యపడును. భార్య దినములో తీరిక తప్ప మరియేమియు లేదని అతనికి తెలియదు. అతని చూపు సప్తసముద్రముల కావల నున్నది. 1880లో ఇంగ్లండు ఎన్నికలలో గ్లాడ్‌స్టన్ నాయకత్వమున ఉదారపక్షము గెలిచినపుడు అతడు తన యింట వేడుక చేయును. ఎక్కడనో లండనులో ఒక మంత్రివర్గము మారిన ఆ సంతోషములో, ఇంటిలో మారిపోవుచున్నది అతనికి కానరాదు.

ఇచట నాటి చరిత్రను స్మరించుట ఆవశ్యకము. లిట్టన్ ప్రభుత్వము 1878లో దేశభాషా పత్రికలకు సంకెలలు వేయుచు ఒక శాసనము చేసెను. ఆంగ్లపత్రికలకు ఆ నిర్బంధము లేదు. కనుకనే ‘అమృతబజారు పత్రిక’ వంగభాషను వదలి ఆంగ్లపత్రికగా మారెను. ఆ దినములలో దొరతనమును నిలదీయగోరిన దేశాభిమానికి ఆంగ్లము ఆయుధము, కవచము కూడ. కాబట్టి భూపతి ఆంగ్లపత్రిక నడుపుట డంబము కాదు, దేశసేవయే. అయితే ఆ దేశసేవ జరుగు భాషలో అతని భార్యకు చోటు లేదు. అతడు వ్రాయునది ఆమె చదువదు; ఆమె చదువు నవలలను అతడు ముట్టడు. ఒకే కప్పు క్రింద ఇద్దరు మనుష్యులు రెండు భాషలలో బ్రతుకుచున్నారు. ఈ చిత్రమునందలి దుఃఖమునకు మూలము ఇదియేయని నా అభిప్రాయము.

ఇక అమలుడు. అతనిని చారులత కోరినది అతని రూపమును జూచి యని చెప్పుట సులభము. కాని చిత్రము చెప్పునది వేరు. తోటలో అతడు వ్రాయుటకు కూర్చుండగా ఆమె ఉయ్యాలలో ఊగుచుండును. తాను కుట్టి యిచ్చిన పుస్తకములో వ్రాయవలెనని, వ్రాసినదానిని అచ్చుకీయరాదని ఆమె నియమము. అతడు ఆ నియమమును తప్పి పత్రికకు పంపును. ఆ కోపములో, ఆ పౌరుషములో ఆమె తానే కలము పట్టును. తొలుత కోకిలను గూర్చి సొగసుగా వ్రాయబోయి, అది తనది కాదని చించివేయును. పిదప ఆమె కన్నులలో తాను పుట్టిన పల్లెటూరు మెదలును: నదిలో పడవలు, తిరునాళ్ల సందడి, ముదుసలుల ముఖములు. ఆమె ముఖముపైననే ఈ దృశ్యములు ఒకదానిమీద నొకటి తేలిపోవుచుండగా మనము చూతుము. ఆ పల్లెను గూర్చి తేట వంగములో ఆమె వ్రాసిన వ్యాసము పేరుగాంచిన పత్రికలో వెలువడును. అలంకారముల బరువున క్రుంగిన అమలుని రచనకంటె ఆ తేటమాటలే మేలైనవని అమలునకే తెలిసి నివ్వెరపోవును. ఆమె ఆ పత్రికతో అతని నెత్తిమీద మొట్టి, మరుక్షణమున అతనిని పట్టుకొని యేడ్చి, ఇక వ్రాయనని చెప్పును.

ఈ ఘట్టమునందలి విషాదమును జాగ్రత్తగా గమనింపవలెను. ఆమె వ్రాసినది ఒకరు చదువవలెనని వ్రాసినది. ఆ మొదటి పాఠకుడు భర్త కాలేదు. భార్యను ప్రోత్సహించు పనిని కూడ భూపతి మరియొకరికి అప్పగించినాడు, పత్రిక లెక్కలను బావమరదికి అప్పగించినట్లే. రెండింటను నష్టపోయినాడు. కనుక ఇది వదినా మరదుల ప్రణయగాథ యని ముఖము చిట్లించువారును, దీనివెనుక రవీంద్రుని యౌవనజీవితమునుండి ఏదో రహస్యమును త్రవ్వజూచువారును కథలోని అసలు గాయమును తాకలేదనియే చెప్పవలెను. చారులత వలచినది తన్ను చదివిన కన్నులను.

మన గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ కథ 1910 నాటిది. ఇచట దానిని తలచుకొనుట అప్రస్తుతము కాదు. అందును చదువుకొన్న భార్య, సంస్కరణముల పేరిట ఇల్లు మరచిన భర్త. కమలిని ఒక ఉత్తరము వ్రాసిపెట్టి దాగును. గోపాలరావు దానిని చదివి, పశ్చాత్తాపపడి, చక్కబడును. కథ సుఖాంతమగుటకు హేతువేమి? భార్య వ్రాసినది భర్త చదివినాడు. కలకత్తా భూపతికిని మన గోపాలరావునకును గల అంతరము సద్గుణములలో లేదు. ఆ మాటకు వచ్చిన భూపతియే ఉత్తముడు. ఒకడు సకాలమున చదివినాడు, మరియొకడు చదువలేదు. ఇంతియే.

ఆంగ్లము ఈ ఇంటికి శత్రువని రాయ్ చెప్పినాడని ఎవరును భ్రమపడరాదు. ఉయ్యాలలో చారులత పాడు రవీంద్రగీతము యొక్క వరుస స్కాట్లండు దేశపు జానపదబాణికి అనుసరణము. పరాయిదేశపు రాగము వంగపు మాటలు తొడుగుకొని ఆమె గొంతులో తన సొంతమైనది. భర్త తెచ్చుకొన్న ఇంగ్లండు వార్తాపత్రికలో మిగిలిపోయినది; భార్య నోట పలికిన ఆ రాగము ఇంటిదైపోయినది. దర్శకుడు దీనిని మాటలలో చెప్పక, పాటను పెట్టి ఊరకుండెను. ఈ సంయమనము చిత్రమంతటను కలదు. స్టూడియోలో తయారైన ఆ ఇంటి గదులు, స్తంభముల వరండా, గోడలకంటించిన పూల కాగితములు, కిటికీల తెరచాట్లు నిజమైన ఇల్లే యనిపించును. అవి వట్టి అలంకారములు కూడ కావు, ఆమెకు చెరసాల గోడలును అవియే.

ఇంతటి చిత్రమునందును నాకొక కొరత కనబడుచున్నది. అది మందాకిని విషయము. ఆమె చదువురానిది, పేకాట ప్రియురాలు, నవ్వులకును మోటుతనమునకును కథలో నియమింపబడినది. చారులత ఆమెను చిన్నచూపు చూచును. చిత్రము కూడ చాలవరకు అట్లే చూచును. కాని ఆమె దాంపత్యము మాత్రము సుఖమయమైనదా? ఆమె మగడు దొంగ. అన్నము పెట్టిన ఇంటిని దోచి రాత్రివేళ పోవునపుడు ఆమెను వెంటగొనిపోయెను. ఆమె ఏమనుకొన్నదో మనకు తెలియదు. చారులత చేతికి దుర్భిణి నిచ్చిన దర్శకుడు మందాకినికి ఒక కిటికీనైన ఇయ్యలేదు. చదువు రాని స్త్రీ దుఃఖము దుఃఖము కాదా యని సహృదయుడు అడిగినచో సమాధానము చెప్పుట కష్టము. ఉమాపదుని ధనద్రోహమును, అమలుని మనోద్రోహభయమును ప్రక్కప్రక్కన నిలిపిన కూర్పులోను కొంచెము లెక్కప్రకారము పోయిన బిగువు కలదు.

కడపటి ఘట్టమును గూర్చి నాడు వంగదేశమున గొప్ప వాదము చెలరేగినది. రవీంద్రుని కథను మార్చినాడని కొందరు విమర్శింపగా రాయ్ స్వయముగా కలము పట్టి సమాధానము వ్రాసెను. మూలకథ ముగింపు మైసూరు సీమలో నివసించు మన తెలుగువారికి ఆసక్తికరము. అందు భూపతికి మైసూరులో ఒక పత్రికకు సంపాదకుడగు అవకాశము వచ్చును. ఆ ఇంటిలో ఒంటరిగా నుండలేక తన్నును తీసికొనిపొమ్మని చారులత కోరును. మరియొకని తలపుతో నిండిన హృదయమును వెంటబెట్టుకొని దూరదేశమున ఎట్లు బ్రతుకుదునని భూపతి జంకును. మరుక్షణమున ఆమె ముఖము చూచి జాలిపడి, రమ్మనును. అప్పుడామె వలదని ఒక్క మాటతో తిరస్కరించును. అంతటితో కథ సరి. గూడు చెదరినది, మరల కట్టబడదు.

రాయ్ చిత్రమున మైసూరు లేదు. భార్యాభర్తలు సముద్రతీరమునకు పోవుదురు. పత్రిక మూతబడి క్రుంగియున్న భర్తకు చారులత ఒక ఉపాయము చెప్పును: పత్రికను రెండు భాషలలో నడుపుదము, రాజకీయములు ఆంగ్లమున మీరు చూడుడు, వంగభాషాభాగము నేను చూచెదను. భూపతి ముఖము వెలిగిపోవును. చిత్రమంతటిలోను వారిరువురు నిజముగా దంపతులైన క్షణము ఇదియొక్కటే. కాని వారు ఇల్లు చేరిన పిదప ఆ జాబు వచ్చుట, ఆమె విలపించుట, అతడు చూచుట జరుగును. బండి యెక్కి ఊరంతయు తిరిగి అతడు మరలివచ్చును. ఆమె గుమ్మమున నిలిచి లోనికి రమ్మని చేయి చాచును. అతడును చేయి చాచును. రెండు చేతులు కలియబోవు తరుణమున బొమ్మ శిలవలె నిలిచిపోవును. ఆమె, అతడు, దీపముతో వచ్చుచున్న సేవకుడు, అందరును కదలిక లేని ఛాయాపటములగుదురు. ‘నష్టనీడ’ మను అక్షరములు తెరపై వ్రాలును.

ఇది ఆశ యని కొందరు, నిరాశ యని కొందరు. ఆ చేతులను క్షమాపణకు సంకేతముగా చూచినంతకాలము ఈ తగవు తీరదు. క్షమించుటకు అక్కడ నేరస్థుడెవ్వడు? సముద్రతీరమున వారు అనుకొన్న రెండు భాషల పత్రిక ఇక వెలువడునా యనునదియే ఆ చేతుల నడుమ నిలిచిన ప్రశ్న. రవీంద్రుడు తలుపు మూసినాడు. రాయ్ తలుపు తీసి, గడప దాటనీయలేదు. మూలకథలో స్త్రీ ఆత్మగౌరవము కొట్టొచ్చినట్లు కనబడును. చిత్రములో, తప్పిపోయిన అవకాశము మన గుండెను పట్టుకొనును. ఒకటి మరియొకదానికి ద్రోహము కాదు. ఆ ఉపాయము మొదటినాడే ఆ దంపతులకు తోచియున్నచో ఈ కథయే లేకపోయెడిది.

తరతరములుగా పరరాష్ట్రములలో స్థిరపడిన మనకు ఈ చిత్రము పొరుగింటి వార్త కాదు. మన ఇండ్లలోను కార్యాలయమునకు ఒక భాష, అంగడికి ఒక భాష, వంటయింటికి ఒక భాష. ఆ మూడవదే తెలుగు. పెండ్లిపాటలు, మంగళహారతులు, సామెతలు, విడిచివచ్చిన ఊరి ముచ్చటలు ఎక్కువగా మన తల్లుల నోటను, అక్కచెల్లెండ్ర నోటను నిలిచినవి. సంఘములు స్థాపించి, సభలు జరిపి, తెలుగునకై విన్నపములు వ్రాయు పురుషులము మనలో కలరు. ఆ విన్నపములు చాలవరకు ఆంగ్లమున నుండును. అవి అవసరమే, భూపతి ‘సెంటినెల్’ అవసరమైనట్లే. అయితే తన ఊరిని గూర్చి నాలుగు పుటలు తేట తెలుగున వ్రాసి పెట్టెలో దాచుకొన్న ఇల్లాలు మన యింటనే కలదేమో, మనలో ఎందరము విచారించితిమి? ఇట్టి సంచికలలో స్త్రీల రచనలు ఎన్ని పుటలకు మించుచున్నవి?

ఇంటిలోని మనిషిని చదువనివాడు లోకమును ఎంత చదివినను ప్రయోజనము స్వల్పమని ‘చారులత’ చెప్పుచున్నది. చెప్పినట్లు కూడ తోపింపక చెప్పుచున్నది. ఈ చిత్రమును ప్రదర్శించు అవకాశము లభించినపుడు మన సంఘములు దానిని తప్పక ప్రదర్శింపవలెను; దంపతులు కలిసి వచ్చి చూడవలెను. చూచి ఇల్లు చేరిన పిమ్మట సినిమాను గూర్చి చర్చించుటకంటె, నీవేమైన వ్రాసితివా యని ఒకరినొకరు అడుగుట మేలు.